అమ్మానాయనల పెళ్లి ఫోటో మీద గీత పడింది, అక్కకు ఎలా చెప్పను?

ఈసారి ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరం, అందులో సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. వాళ్ల నాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, వచ్చే నెల ఆయనకు 70 నిండుతాయి. భీమరథ శాంతి చేయిద్దామని చిత్తూరులో ఉన్న అక్క, బావ పూనుకున్నారు, ఖర్చంతా వాళ్లదే. నా వంతుగా ఏం చేయాలి అని ఆలోచించి ఈవిడ నాయన జీవితమంతా ఒక స్క్రాప్‌బుక్‌గా చేద్దామనుకున్నారు. వీడియోల్లో రబ్-ఆన్ ట్రాన్స్‌ఫర్లు, అంటే కాగితం మీద పెట్టి రుద్దితే బొమ్మలు, అక్షరాలు దిగే షీట్లు, చూసి ముచ్చటపడి 1,800 రూపాయలు పెట్టి షీట్లు తెప్పించుకున్నారు. అక్క మాత్రం మొదటి నుంచీ ఒకే మాట: "ఎందుకే ఇవన్నీ, ఫోటోలు ఇచ్చేస్తే స్టూడియోవాళ్లు డిజిటల్ ఆల్బమ్ చేసిస్తారు, బయట ఒక ఫ్లెక్సీ వేయిస్తే సరిపోతుంది." అయినా ఈవిడ పట్టుబట్టి, అక్క బీరువాలో ఉన్న 1980 నాటి పెళ్లి ఫోటో తెచ్చుకున్నారు. బ్లాక్ అండ్ వైట్ ఫోటో, వాళ్లకు తెలిసి ఒక్కటే కాపీ. దాని మీద నేరుగా బంగారు రంగు అక్షరాలు రుద్దితే సగం దిగాయి, సగం షీటుకే ఉండిపోయాయి. కంగారులో గోటితో గీకితే అమ్మ చెంప మీద నుంచి బాసికం దాకా తెల్లటి గీత పడింది.

"ఫోటోను పిల్లల అట్లాసులో పెట్టి దాచాను, పది రోజులైంది. అక్క రోజూ ఫోన్ చేసి ఫోటో పని అయిందా అని అడుగుతుంది, అయిపోతుందక్కా అంటున్నాను. మా ఆయన డబ్బుల గురించి ఏమీ అనలేదు కానీ ఆ షీట్లు కనిపించినప్పుడల్లా ఒక చూపు చూస్తారు. మిగిలిన షీట్లు కూడా సరిగా అంటుకోవడం లేదు. పైగా అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఇదంతా మానేసి అక్క చెప్పినట్టే చేసేయనా? ఫోటో సంగతి ఫంక్షన్ అయ్యాక చెబితే సరిపోతుందా, లేక అసలు చెప్పకుండా ఎలాగోలా సరిచేసుకోవచ్చా?" అని అడిగారు.

అమ్మా, ముందు ఒక్క మాట. ఆ ఫోటోను ఇక ముట్టుకోకండి. రబ్బరు పెట్టి తుడవడం, తడిగుడ్డ వేయడం, మిగిలిన అక్షరాలను సెల్లో టేపుతో లాగడం, ఏదీ వద్దు. ఆ కాలపు బ్లాక్ అండ్ వైట్ ఫోటోల్లో బొమ్మంతా కాగితం మీద పూసిన పలుచటి జెలటిన్ పొరలో ఉంటుంది, ఆ పొరలోని వెండి రేణువులే మనకు అమ్మా నాయనా అయి కనబడతాయి. మీ గోరు తగిలింది ఆ పొరకే. తడి తగిలితే అది ఉబ్బుతుంది, టేపు వేసి లాగితే పొర కూడా లేచి వస్తుంది. ఇప్పటికి ఉన్నది ఒక గీత, కొన్ని అక్షరాలు. అంతకు మించి పెరగకపోతే ఇది సరిచేసుకోగలిగిన నష్టమే. అట్లాసులోంచి తీసి శుభ్రమైన తెల్ల కాగితం మడతలో పెట్టి, గట్టి అట్టల మధ్య పడుకోబెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వేయకండి. లామినేషన్ చేయిస్తే భద్రంగా ఉంటుందని ఎవరైనా చెప్పినా ఆ పని మాత్రం చేయించకండి, ఇక వెనక్కు తీసుకోలేరు.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఆ ఫోటోను స్కాన్ చేయించి, కంప్యూటర్లో గీతను, అక్షరాలను తీసేయించి కొత్త ప్రింటు వేయించుకోవడం. ఫోన్‌తో తీస్తే మెరుపు పడుతుంది, మూలలు వంగుతాయి, కాబట్టి స్కానర్ మీదే చేయించండి, కనీసం 600 డీపీఐలో చేయమని అడిగి ఫైలును మీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. గీత చెంప మీద ఉంది కాబట్టి పని చేసే మనిషి చేతిని బట్టి ఫలితం ఉంటుంది, మరీ నున్నగా చేసేస్తే అమ్మ ముఖం అమ్మలా ఉండదు, కాబట్టి పక్కన కూర్చుని చూసుకోండి. రెండు, ఇంకో కాపీ వెతకడం. మీకు తెలిసి ఒక్కటే అన్నారు గానీ 1980లో పెళ్లి ఫోటోలు తీయిస్తే ఒక ప్రింటు ఆడపెళ్లివారికి, ఒకటి మగపెళ్లివారికి, ఒకటో రెండో పెద్దవాళ్లకు ఇవ్వడం మామూలే. అమ్మ పుట్టింట్లో గోడ మీద ఫ్రేములో ఉండొచ్చు, పెదనాయన వాళ్ల ట్రంకుపెట్టెలో ఉండొచ్చు. మూడు, ఉన్నది ఉన్నట్టు ఆ గీతతోనే పేజీలో పెట్టేయడం. ఇది నాకు అంత ఇష్టం లేదు, ఎందుకంటే ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ మీ కళ్లు ఆ గీత మీదికే పోతాయి. మొదటి దారి ఖాయం చేసుకుని రెండో దారి కూడా ప్రయత్నించమంటాను.

రెండో దారికి ఎవరు కావాలో మీకూ తెలుసు. బంధువులందరి ఇళ్లకు రాకపోకలున్నది, ఎవరి బీరువాలో ఏముందో తెలిసింది మీ అక్కకే.

ఇక అసలు చిక్కుకు వద్దాం. అక్కకు అసలు చెప్పకుండా కొత్త ప్రింటు వేయించి, పాతది లోపలికి తోసేస్తే ఏమవుతుందంటే, కాగితం తేడా ఆమె చేతికి తెలిసిపోతుంది. పాత స్టూడియో ఫోటో మందం, అంచు, వెనకవైపు ముద్ర, ఇవన్నీ ఏళ్ల తరబడి బీరువాలో దాచుకున్న మనిషికి గుర్తుండవనుకోకండి. అప్పుడు మాట ఫోటో గురించి ఉండదు, "పది రోజులు నాకు అబద్ధం చెప్పావు" అన్న దగ్గర మొదలవుతుంది. ఫంక్షన్ అయ్యాక చెబితే ఆ వారం ప్రశాంతంగా గడిచిపోతుంది, నిజమే. కానీ ఈ మూడు నాలుగు వారాలూ ఫోన్ మోగితే చాలు మీకు టెన్షన్, పీటల మీద అమ్మానాయనలను చూసినప్పుడు కూడా ఆ గీతే గుర్తొస్తుంది. పైగా ఇంకో కాపీ వెతికే సమయం చేజారిపోతుంది. ఇప్పుడే చెబితే ఒక సాయంత్రం అరుస్తారు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ తర్వాత "సరే, పెదనాయన వాళ్లింట్లో చూస్తానుండు" అని ఆవిడే అనే అవకాశం ఎక్కువ. నిర్ణయం మీదే. నా మనసు మాత్రం ఇప్పుడే చెప్పడం వైపు ఉంది. చెప్పేటప్పుడు ఫోన్‌లో కన్నా, వీలైతే స్కాన్ చేయించి, గీత తీసేసిన ప్రింటు ఒకటి చేతిలో పెట్టుకుని చిత్తూరు వెళ్లి చెప్పండి. బస్సెక్కితే రెండు గంటల దారి. "అక్కా, నా వల్ల ఇలా జరిగింది, గోటితో గీకాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. షీటు నాసిరకం, వీడియోలో అలా చెప్పారు అని తప్పు ఎక్కడో పెట్టొద్దు.

ఇంకోటి కూడా ఉత్తరంలో వరుసల మధ్య కనబడింది నాకు. ఖర్చంతా అక్క పెడుతుంటే మీరు చేతులతో ఏదైనా ఇవ్వాలనుకున్నారు, దాన్ని ఆవిడ "ఎందుకే" అనేసరికి మనసు చిన్నబుచ్చుకుంది. ఆ బాధలోనే, అడిగి కాపీ తీయించుకుని చేయాల్సిన పనిని తొందరపడి అసలు ఫోటో మీదే చేసేశారేమో అనిపించింది. అక్క మాటలో కూడా నిజం ఉంది సుమా. డిజిటల్ ఆల్బమ్ త్వరగా అయిపోతుంది, ఎన్ని కాపీలైనా వేయొచ్చు, బంధువులకు పంచొచ్చు. అది చేయించనివ్వండి. మీ స్క్రాప్‌బుక్ దానికి పోటీ కాదు. 40 పేజీలు అని రాశారు, నెలలోపల ఇద్దరు పిల్లలతో 40 పేజీలు అయ్యే పని కాదు, 12 పేజీలు చాలు. ఆ పన్నెండూ నాయన చేతిలో పెట్టి తిరగేయదగ్గవిగా చేయండి. ఇలా తగ్గిస్తే మీ ఆయన చూపుకు కూడా జవాబు దొరుకుతుంది, కొన్న షీట్లు దానికి సరిపోతాయి, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

షీట్లు ఎందుకు అంటుకోవడం లేదో చూద్దాం. రబ్-ఆన్ అంటే పారదర్శకమైన షీటు వెనక బొమ్మ అచ్చువేసి, దాని మీద పలుచగా జిగురు పూసి, మైనపు కాగితం కప్పి ఇస్తారు. రుద్దినప్పుడు ఒత్తిడికి బొమ్మ షీటును వదిలి కింది దాన్ని పట్టుకుంటుంది. నీళ్లు అక్కర్లేదు, అందుకే తడిపి అతికించే స్టిక్కర్లకూ, పిల్లలు చేతి మీద వేసుకునే టాటూలకూ దీనికీ తేడా. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1960ల మొదట్లో బ్రిటన్‌కు చెందిన లెట్రాసెట్ వాళ్లు ఇలాంటి పొడి అక్షరాలు తెచ్చారు, కంప్యూటర్లు రాకముందు ప్లాన్లు గీసేవాళ్లు, ప్రకటనలు తయారుచేసేవాళ్లు ఒక్కో అక్షరం ఇలాగే రుద్ది పెట్టుకునేవాళ్లు. ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం ముందే అయిపోయేది, అప్పుడు ‘ఎఫ్’ రుద్ది దాని కింద ‘ఎల్’ అడ్డగీత కలిపి ‘ఇ’ చేసుకునేవాళ్లు. మీ షీటులో ఏదైనా అక్షరం అయిపోతే ఈ ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది.

షీటు పాతబడి జిగురు ఆరితే దిగదు. హెయిర్ డ్రయ్యర్‌ను కాస్త దూరంగా పట్టి, తక్కువ వేడిలో కొన్ని సెకన్లు వెచ్చచేసి చూడండి, చాలావరకు మళ్లీ పట్టుకుంటుంది. ఎక్కువ వేడి చేస్తే సాగిపోతుంది. తిరుపతి ఎండల్లో బీరువా పైన, కిటికీ పక్కన పెడితే జిగురు కరిగి మైనపు కాగితానికే అంటుకుంటుంది, కాబట్టి పుస్తకంలో పరిచి బట్టల అరలో పెట్టుకోండి. కావలసిన బొమ్మను చుట్టూ కొంచెం జాగా వదిలి కత్తిరించి విడిగా తీసుకోవాలి, మొత్తం షీటు పెట్టి రుద్దితే పక్క బొమ్మలు కూడా పేజీకి అంటుకుంటాయి. మైనపు కాగితం పారేయకండి. రుద్దడానికి ఐస్‌ఫ్రూట్ పుల్ల చాలు, చెంచా వెనకవైపు కూడా బాగుంటుంది. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, కదలకుండా పట్టుకుని, మొత్తం రుద్దాలి. బొమ్మ దిగిన చోట షీటు కింద రంగు కాస్త పాలిపోయినట్టు కనబడుతుంది, దిగని చోట ముదురుగానే ఉంటుంది, ఆ తేడా కనిపెట్టడం అలవాటైతే చాలు, పని వచ్చేసినట్టే. ఒక మూల మెల్లగా ఎత్తి చూడండి, ఎక్కడైనా పట్టుకుని వస్తుంటే వెంటనే వెనక్కు పడుకోబెట్టి మళ్లీ రుద్దండి. పూర్తయ్యాక మైనపు కాగితం పైన పెట్టి ఇంకోసారి రుద్దితే గట్టిపడుతుంది. గరుకుగా ఉండే చేతితయారీ కాగితం మీద గుంతల్లో బొమ్మ దిగదు, అక్కడ సగం సగం కనబడుతుంది. నున్నటి మందపు కాగితం ఎంచుకోండి. పేజీ మీద తప్పు పడితే గోరు వద్దు, సెల్లో టేపును తేలికగా అద్ది ఎత్తండి, రాకపోతే దాని మీద ఒక పువ్వో, రిబ్బనో అతికించేయండి. ఏ షీటునైనా ముందు చిత్తుకాగితం మీద ఒక చిన్న బొమ్మ రుద్ది చూశాకే పేజీ మీదికి వెళ్లండి.

ఫోటో మీద అక్షరాలు కావాలంటే రెండు పద్ధతులున్నాయి. కాపీ ప్రింటును మ్యాట్‌లో, అంటే మెరుపు లేని కాగితం మీద, వేయించి దాని మీద రుద్దడం ఒకటి. నాకు బాగా నచ్చేది రెండోది. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌కు పైన వేసే పారదర్శకమైన షీటు ఉంటుంది కదా, అది ఒకటి అడిగి తెచ్చుకుని, దాని మీద లతలు, పూలు, అక్షరాలు రుద్ది, ఫోటో మీద కప్పి అంచుల్లో మాత్రం అతికించండి. ఫోటోకు ఏమీ తగలదు, చూసేవాళ్లకు మాత్రం ఫోటో మీదే ఉన్నట్టు కనబడుతుంది. నచ్చకపోతే ఆ షీటు తీసేసి ఇంకోటి వేసుకుంటారు, అంతే. పెళ్లి పేజీకి ఇదే చేయండి. లత ఒకటి ఫోటో మీద మొదలై పేజీ మీదికి పాకేలా పెడితే, అంటే సగం షీటు మీద, సగం కాగితం మీద రుద్దితే, రెండూ కలిసిపోతాయి.

మిగతా పేజీలకు మీ ఉత్తరంలోనే కావలసినంత ఉంది. మీ పుట్టువెంట్రుకలు కొండ మీద తీయించిన ఫోటో ఉందన్నారు, ముదురు ఎరుపు మందపు కాగితం మీద తెల్లటి రబ్-ఆన్ అంచు పెడితే ముగ్గులా ఉంటుంది. నాయన ఏటా అలిపిరి నుంచి మెట్లెక్కేవారని రాశారు, 3,550 మెట్లు, ఆ పేజీలో అంకెల షీటు వాడండి. కింద మూలలో 1, మధ్యలో ఒకచోట గాలిగోపురం ఫోటో, పై మూలలో 3550, మధ్యలో చిన్న చిన్న పాదాల గుర్తులో చుక్కలో మెట్లుమెట్లుగా పైకి పోయేలా. తలకోన జలపాతం దగ్గర పిక్నిక్ ఫోటో రంగు వెలిసి ఎర్రబడిందన్నారు, ఆ కాలపు కలర్ ప్రింట్లకు అది మామూలే, దాని చుట్టూ ఆకుపచ్చ ఆకులు పెడితే ఎరుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, గోధుమరంగు లేదా నలుపు ఆకులు పెట్టండి. తెల్ల కాగితం మీద తెల్ల రబ్-ఆన్ రుద్ది, పైన స్పాంజితో పలుచగా నీలం ఇంకు అద్ది, మెత్తటి గుడ్డతో తుడిస్తే బొమ్మ ఉన్నచోట ఇంకు పట్టదు, మబ్బులోంచి తేలినట్టు బొమ్మ బయటికొస్తుంది. జలపాతం పేజీకి బాగుంటుంది. ఐస్‌ఫ్రూట్ పుల్లలు, చొక్కా గుండీలు, శాటిన్ రిబ్బను, వీటన్నిటి మీదా రబ్-ఆన్ దిగుతుంది. పైఅట్టకు శ్రీకాళహస్తి కలంకారీ ముక్క అతికిద్దామనుకుంటున్నానన్నారు, చాలా మంచి ఆలోచన, కానీ దాని మీద నేరుగా ఏమీ రుద్దకండి, చేత్తో కలంతో గీసిన గీతల మీద అచ్చుబొమ్మ పడితే రెండూ పాడవుతాయి. చిన్న నున్నటి చెక్కబిళ్ల మీద నాయన పేరు పెట్టి దాన్ని అట్టకు కట్టండి.

ఆ పేరు తెలుగులో ఎలా పెట్టాలి అంటారు కదా. తెలుగు అక్షరాల రబ్-ఆన్ షీట్లు దొరకడం కష్టం. దానికి ప్యాకింగ్ టేపు చాలు. జిరాక్స్ తీయించిన కాగితం కావాలి, ఇంట్లో ఇంకుజెట్ ప్రింటరులో తీసింది నీళ్లు తగలగానే కారిపోతుంది. అక్షరాల మీద పారదర్శకమైన ప్యాకింగ్ టేపు బుడగలు లేకుండా అతికించి, చెంచాతో బాగా రుద్ది, కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు వేయండి. తర్వాత వెనకున్న కాగితాన్ని బొటనవేలి కొసతో గుండ్రంగా రుద్దితే గుజ్జులా లేచిపోతుంది, అక్షరాలు మాత్రం టేపుకు అంటుకుని మిగులుతాయి. ఆరేటప్పటికి తెల్లటి పొర కనబడితే ఇంకా కాగితం మిగిలి ఉన్నట్టు, మళ్లీ తడిపి రుద్దండి. అక్షరాలు తిరగబడవు, ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఆరాక పేజీ మీద పెట్టి నొక్కితే పట్టుకుంటుంది, చాలకపోతే అంచుల్లో కాస్త జిగురు.

ఈ పద్ధతి తెలిశాక షీటులోని ఇంగ్లీషు అక్షరాల గురించి మీరు ఆలోచించరు. ఎందుకంటే మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, అక్క హాస్టల్లో చదివే రోజుల్లో నాయన ప్రతి ఆదివారం ఆమెకు ఇన్‌లాండ్ లెటర్ రాసేవారని, అవన్నీ అక్క కట్టగట్టి దాచుకుందని. బడిపంతులు చేతిరాత, గుండ్రటి అక్షరాలు, "ఆశీర్వదించి వ్రాయునది" అని మొదలై "ఇక్కడ మేమంతా క్షేమం" దగ్గరికి వచ్చే ఆ పంక్తులు. ఆ నీలం కాగితాన్ని జిరాక్స్ తీయిస్తే అక్షరాలు నల్లగా వస్తాయి, నీలం మసకగా పడితే వెలుతురు పెంచి ఇంకోసారి తీయమనండి. ఆ జిరాక్సులోంచి పంక్తి పంక్తిగా టేపు మీదికి తీసి, ప్రతి పేజీకి ఒక్కో వాక్యం పెట్టండి. కొండ పేజీకి కొండ గురించి రాసింది ఏదైనా దొరుకుతుందేమో చూడండి. ఆయన సంతకం చివరి పేజీకి. అసలు ఉత్తరాలు మాత్రం జిరాక్స్ అయిన వెంటనే అక్క చేతికి తిరిగి ఇచ్చేయాలి, ఒక్కటి కూడా మీ దగ్గర ఉంచుకోవద్దు.

అది కూడా అక్క ఇవ్వాలి. ఫోటో సంగతి దాచి ఉత్తరాలు అడగడం మీకే ఇబ్బందిగా ఉంటుంది. చెప్పాక అడిగితే ఆవిడ ఇవ్వనూ వచ్చు, "ఇంకోటి కూడా పాడుచేస్తావా" అననూ వచ్చు. అలా అంటే, ఉత్తరాలు మీరు తాకకుండా ఆమెనే చిత్తూరులో జిరాక్స్ తీయించి పంపమనండి. ఏ వాక్యం ఏ పేజీకో కూడా ఆమెనే ఎంచమనండి, ఆ ఉత్తరాలు ఆమెకు రాసినవి కదా.

ఈ వారంలో చేయాల్సింది స్కాన్ ఒక్కటే. ఆదివారం చిత్తూరు వెళ్లేటప్పుడు పాత ఫోటోను కూడా ఆ తెల్లకాగితం మడతలోనే పట్టుకెళ్లి అక్కకు ఇచ్చేయండి. దాంతోపాటు ఒక షీటు, ఒక ఐస్‌ఫ్రూట్ పుల్ల, చిత్తుకాగితం కూడా సంచిలో వేసుకోండి. కోపం తగ్గాక ఆవిడ చేత ఒక పువ్వు రుద్దించి చూడండి.